కోడి చెప్పాల్సిన కబురు పసిబిడ్డ చెప్పింది

పల్నాడు జిల్లా నరసరావుపేటలో రెండేళ్ల ఆడపిల్ల బర్డ్ ఫ్లూతో చనిపోయింది. 2025 ఫిబ్రవరి ఆఖరులో జ్వరం మొదలైంది. మార్చి 4న మంగళగిరి ఎయిమ్స్‌లో చేర్చారు. నెల సగానికి వచ్చేసరికి బిడ్డ లేదు. నమూనాలు పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి, అక్కడ హెచ్5ఎన్1 అని తేల్చారు. ఆ మాట మన చెవిన పడేసరికి ఏప్రిల్ వచ్చేసింది. ఈ వైరస్‌తో దేశంలో మనిషి చనిపోవడం అది రెండోసారి. మొదటిది 2021 జులైలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో, హర్యానాకు చెందిన పదకొండేళ్ల కుర్రాడు.

ఆ వారమంతా టీవీల్లోనూ టీకొట్ల దగ్గరా ఒకటే మాట నడిచింది. పచ్చి మాంసం పెట్టారట. కూరకు ముక్కలు కోస్తుంటే పిల్ల అడిగింది, ఓ చిన్న ముక్క చేతికిచ్చారు. అంతే, నేరం రుజువైపోయింది, తల్లి దోషి అయిపోయింది. పచ్చి మాంసం తినకూడదని డాక్టర్లు చెప్పారు, నిజమే చెప్పారు. డెబ్బై డిగ్రీల వేడిలో బాగా ఉడికితే ఈ వైరస్ బతకదు. వండిన కూర తిన్న ఇంట్లోవాళ్లకు ఏమీ కాలేదు. ఇవన్నీ ఒప్పుకుంటాను. కడుపుకోతతో ఉన్న ఆడమనిషిని బోనులో నిలబెట్టి, మిగతా అందరూ చేతులు దులుపుకోవడాన్ని మాత్రం ఒప్పుకోను.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఆ ముక్క నుంచే వైరస్ వచ్చిందనుకుందాం. అలాంటప్పుడు జబ్బుపడ్డ కోడి ఏ షెడ్డులో బయల్దేరి, ఏ బండెక్కి, ఎన్ని చేతులు మారి నరసరావుపేట వంటింట్లోకి వచ్చింది? దారిలో ఒక్కరంటే ఒక్కరు ఎందుకు ఆపలేదు? పోనీ, ఆ ముక్క నుంచి కాదనుకుందాం. అప్పుడింకా ఘోరం. ఊళ్లో వైరస్ ఎక్కడ తిరుగుతోందో ఎవరికీ తెలియదన్నమాట. ఎటు నుంచి చూసినా తేలేది ఒకటే. పల్నాడులోకి బర్డ్ ఫ్లూ వచ్చిందని ప్రభుత్వానికి చెప్పింది పశువుల డాక్టరు కాదు, ల్యాబు కాదు, నిఘా బృందం కాదు. రెండేళ్ల పిల్ల చెప్పింది. ప్రాణం పెట్టి చెప్పింది.

ఈ వ్యాసం రాస్తున్నది ఆ ఒక్క మాట కోసమే. జంతువు నుంచి మనిషికి వచ్చే జబ్బును జంతువు దగ్గరే పట్టుకోవాలి. మనిషి దగ్గర పట్టుకుంటే అది నివారణ కాదు, పంచనామా. ఈ దేశం దశాబ్దాలుగా పంచనామాలు చేస్తూ వాటికి నివారణ అని పేరు పెట్టుకుంటోంది.

2025 జనవరి నుంచే గోదావరి జిల్లాల్లో కోళ్లు కుప్పలుగా పడిపోతూ వచ్చాయి. ఫారం యజమానికి తెలుసు, మేత వేసే కూలీకి తెలుసు, లోడు ఎత్తే డ్రైవరుకు తెలుసు. చచ్చిన కోళ్లను కాలవల్లో, రోడ్ల పక్కన పడేస్తున్నారని పేపర్లలో వచ్చింది. భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ హెచ్5ఎన్1 అని ఖాయం చేసేసరికి ఫిబ్రవరి 10 దగ్గరపడింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు పేర్లు అప్పుడు బయటికొచ్చాయి. ఆ వెనకే కర్నూలు, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం. కిలోమీటరు లోపల ఉన్న కోళ్లన్నిటినీ చంపి పూడ్చడం, పది కిలోమీటర్ల దాకా నిఘా పెట్టడం మొదలైంది. కోళ్లు చావడం మొదలైన రోజుకీ, గీత గీసిన రోజుకీ మధ్య ఎన్ని లారీలు ఆ పది కిలోమీటర్లు దాటి వెళ్లాయి? ఆ లెక్క ఎవరైనా తీశారా? తీస్తే ఎందుకు చెప్పరు? దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, లారీలు వెళ్లిపోయాక చెక్‌పోస్టులు పెట్టారు.

రైతు ఎందుకు దాచాడని తిట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. దాచేలా చేసింది ఎవరో చూడండి. 2009 నాటి కేంద్ర చట్టం ప్రకారం పశువులకూ కోళ్లకూ అంటురోగం కనబడితే యజమాని వెంటనే కబురు చెయ్యాలి. సరే. చెబితే ఏమొస్తుంది? సర్కారు మనుషులు వచ్చి చంపిన కోళ్లకు పరిహారం ఇస్తారు. కేంద్రం సగం, రాష్ట్రం సగం. వాళ్లు వచ్చేలోపు జబ్బుతో చచ్చిన కోడికి పైసా రాదు. మొదటి రోజే కబురు చేసినవాడి షెడ్డు ఖాళీ అవుతుంది, చుట్టుపక్కల షెడ్లూ ఖాళీ అవుతాయి, మళ్లీ పిల్లలు వేసుకోవడానికి నెలలు పడుతుంది, బ్యాంకు వాయిదా మాత్రం ఆగదు. రాత్రికి రాత్రి ఉన్నవాటిని సగం ధరకు లోడెత్తించినవాడు బయటపడతాడు. చట్టం చెప్పమంటుంది, పరిహారం చెప్పొద్దంటుంది. రైతు దేని మాట వింటాడు? నిజం చెప్పినవాణ్ణి ముంచే పద్ధతిని పెట్టుకుని, నిజం చెప్పలేదని రైతును దోషిని చేయడం అన్యాయం. ఆ అన్యాయం ఖరీదు చివరికి పట్నంలో వంటింట్లో పిల్ల కట్టింది.

పథకాలు లేవా అంటే, ఉన్నాయి. 2019 సెప్టెంబరులో గాలికుంటు, బ్రూసెల్లా వ్యాధులకు టీకాలు వేయడానికి 13,343 కోట్ల రూపాయలతో జాతీయ కార్యక్రమం మొదలైంది. 2021 సెప్టెంబరులో, 2030 కల్లా కుక్కకాటు రేబిస్ చావులు లేకుండా చేస్తామని జాతీయ ప్రణాళిక వచ్చింది. 2022 డిసెంబరులో నాగపూర్‌లో వన్ హెల్త్ జాతీయ సంస్థకు ప్రధాని శంకుస్థాపన చేశారు. జాతీయ వన్ హెల్త్ మిషన్ వచ్చింది. పశు ఆరోగ్య వ్యవస్థను బలపరచడానికి అంతర్జాతీయ పాండెమిక్ ఫండ్ నుంచి రెండున్నర కోట్ల డాలర్లు మంజూరయ్యాయి. ఇందులో ఒక్కటి కూడా వద్దనను. మనిషి, పశువు, అడవి, నీరు, అన్నిటి ఆరోగ్యమూ ఒకటే అన్న ఆలోచన సరైనది, గొప్పది. నేనడిగేది, ఆ ఆలోచన మండలం దాకా ఎందుకు దిగలేదని. పల్నాడులోని వెల్దుర్తిలో పశువుల డాక్టరూ, పీహెచ్‌సీ డాక్టరూ నెలకొకసారైనా ఒక బల్ల ముందు కూర్చుని, ఈ నెల నీ దగ్గర ఏం జబ్బులొచ్చాయి, నా దగ్గర ఏం జ్వరాలొచ్చాయి అని మాట్లాడుకోవాలన్న నియమాన్ని ఎందుకు పెట్టలేదని. ఢిల్లీలో రెండు మంత్రిత్వ శాఖలు కలిసి బోర్డు మీద ఒక పేరు రాసుకున్నంత మాత్రాన ఊళ్లో రెండు ఆఫీసులు కలవవు.

మనిషి ఆరోగ్యమూ పశువు ఆరోగ్యమూ ఒకటేనని పల్నాడుకు ఎవరో వచ్చి నేర్పాలా? కారంపూడిలో కార్తీక మాసంలో జరిగే వీరుల ఉత్సవాల్లో ఒక రోజు పేరు మందపోరు, ఇంకో రోజు పేరు కోడిపోరు. పశువుల మంద మీద దాడినీ, రాజ్యం పోగొట్టిన కోడిపందేన్నీ ఇన్ని వందల ఏళ్లు గుర్తుపెట్టుకుని రోజుల పేర్లుగా నిలుపుకున్న సీమ ఇది. గొడ్డూ గోదా, కోడీ కుక్కా మన ఇంటి గుమ్మం లోపలే ఉంటాయి. ఇక్కడ జంతువు జబ్బు, మనిషి జబ్బు అని రెండు గదులు కట్టి మధ్యలో గోడ పెట్టినవాళ్లకు ఈ నేల గురించి ఏమీ తెలియదు.

ఆదివారం పొద్దున ఏడింటికి ఏ పట్నంలోనైనా ఓ చికెన్ కొట్టు ముందు నిలబడండి. ఇనుప జాలీ పెట్టెలు ఒకదాని మీద ఒకటి. పైపెట్టెలో కోడి వేసిన రెట్ట కిందపెట్టెలో కోడి వీపు మీద పడుతుంది. కుర్రాడు రెక్కలు పట్టి లాగి కాటాలో పెడతాడు, మెడ కోసి ప్లాస్టిక్ డ్రమ్ములో పడేస్తాడు. డ్రమ్ము కాసేపు దడదడలాడి ఆగిపోతుంది. తోలు లాగి, పేగులు చేత్తోనే తీసి పక్క బకెట్టులోకి విసురుతాడు. మొద్దు మీద ముక్కలు కొడతాడు. ముంచి తీసే నీళ్ల బకెట్టు ఒకటే, పొద్దుటి నుంచి అదే ఎర్రటి నీళ్లు. చేతికి తొడుగు లేదు, ముక్కుకు గుడ్డ లేదు, వేలి మీద కత్తి తెగిన గాటుకు పాత ప్లాస్టరు. అదే చేత్తో ఐదొందల నోటు తీసుకుని చిల్లరిస్తాడు. నాన్నతో వచ్చిన పిల్లలు జాలీలోకి వేలు పెట్టి కోడిని పలకరిస్తుంటారు. మూలన తూగుతూ కూర్చున్న కోడి ఉంటే దాన్ని ముందు కోసేస్తారు, చచ్చిపోతే నష్టం కదా. ఆ తూగే కోడే మనకు కావలసిన కబురు. దాని గొంతులో ఒక పుల్ల తిప్పి ల్యాబుకు పంపే మనిషి లేడు. ఆహార భద్రత చట్టం వచ్చింది 2006లో. మాంసం కొట్టుకు రిజిస్ట్రేషన్ కాగితం అడుగుతారు. కొట్టులో కోడిని చూసేవాడు ఏడీ? ఆ కుర్రాడిది తప్పు కాదు. ఊరందరి కంటే ముందు ప్రమాదంలో ఉన్నవాడు వాడే. వాడికి జ్వరమొస్తే ఏ కోళ్లు కోశావని అడిగే డాక్టరు ఉన్నాడా?

ఆ పేగుల బకెట్టు ఎక్కడికి పోతుందో కూడా చూడండి. కొంత చేపల చెరువులకు, మిగతాది ఊరి చివర డంపింగు యార్డుకో మురుగుకాలవ గట్టుకో. అక్కడ కుక్కల గుంపు కాచుకుని ఉంటుంది. రోజూ మాంసం దొరికే చోట కుక్కలు పెరుగుతాయి, ఆ దారిన బడికి వెళ్లే పిల్లల్ని కరుస్తాయి. కోడి జబ్బు గురించి పట్టించుకోని మున్సిపాలిటీయే కుక్కకాటుకూ కారణమవుతోంది, రెండూ ఒకే బకెట్టులోంచి వస్తున్నాయి. 2024లో దేశంలో నమోదైన కుక్కకాట్లు 37 లక్షల పైచిలుకు. ఐసీఎంఆర్ అధ్యయనం అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా చనిపోయేవాళ్లు సుమారు 5,700 మంది. లక్షణాలు బయటపడ్డాక ఈ జబ్బుకు మందు లేదు. కుక్కల్లో నూటికి డెబ్బైకి టీకా వేస్తే వైరస్ పాకడం ఆగిపోతుందని ప్రపంచమంతా ఒప్పుకున్న సంగతి. టీకా వేయాల్సింది కుక్కకు. మనం వేస్తున్నది కరిపించుకున్న కూలిమనిషికి, అదీ నాలుగుసార్లు పని మానుకుని ఆసుపత్రికి వస్తే. 2030 గడువు దగ్గరపడింది. మీ ఊళ్లో ఎన్ని కుక్కలకు ఈ ఏడు టీకా వేశారని మీ మున్సిపల్ కమిషనరును అడగండి, అంకె చెప్పగలరేమో చూడండి.

గొర్రెల సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే దాని గురించి ఎవరూ మాట్లాడరు. మాచర్ల గొర్రె జాతికి జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చింది, సంతోషం. ఆ గొర్రెను మేపే మనిషికి మాత్రం గుర్తింపు రాలేదు. దుర్గి, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు మందల్లో గొర్రెలు ఈసుకుపోవడం, అంటే నెలలు నిండకుండానే పిండం పడిపోవడం, కాపరులకు మామూలు విషయం. నేను మాట్లాడిన ఒక కాపరి మాయ పడని గొర్రెకు ఉత్త చేత్తోనే మాయ లాగి, ఆ చెయ్యి పంచెకు తుడుచుకుని, బీడీ వెలిగించుకున్నాడు. “ఈ ఏడు చానా ఈసుకుపోయినై సారూ, దిష్టి తగిలింది” అన్నాడు. సాయంత్రమైతే జ్వరం, చెమటలు, నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులు, నెలల తరబడి. ఆరెంపీ దగ్గర టైఫాయిడ్ అని సూదులు, గ్లూకోజు సీసాలు, కొన్నాళ్లు తగ్గడం, మళ్లీ రావడం. అతనికి ఉన్నది ఫలానా జబ్బని నేను చెప్పలేను, నేను డాక్టర్ని కాదు. ఈసుడు రోగం పట్టిన గొర్రె మాయనీ పిండాన్నీ ముట్టుకున్న మనిషికి బ్రూసెల్లా వస్తుందని, అది సరిగ్గా ఇలాగే నెలల తరబడి జ్వరంతో, కీళ్ల నొప్పులతో వేధిస్తుందని మాత్రం పశువైద్యం చదివిన ప్రతి ఒక్కరికీ తెలుసు. తొలి అంచనాకు రోజ్ బెంగాల్ అనే పరీక్ష ఉంది, ఖర్చు తక్కువ, నిమిషాల్లో తేలిపోతుంది. అతనికి ఆ పరీక్ష ఎవరూ చెయ్యలేదు.

జాతీయ కార్యక్రమంలో బ్రూసెల్లా టీకా ఎవరికి? నాలుగు నుంచి ఎనిమిది నెలల ఆవు, గేదె పెయ్యలకు. మంచిదే. గొర్రెకు లేదు, మేకకు లేదు. మనిషిని గట్టిగా దెబ్బతీసే బ్రూసెల్లా రకం గొర్రెల్లో మేకల్లోనే ఎక్కువ ఉంటుంది. అంటే పాలకేంద్రానికి పాలు పోసే గేదెను లెక్కలోకి తీసుకుని, బీడుభూముల్లో మంద వెంట తిరిగే మనిషిని లెక్కలోంచి తీసేశారు. ఓటరు జాబితాలో ఉన్న మనిషి జబ్బుల జాబితాలో లేకుండా పోయాడు.

2025 నవంబరు, డిసెంబరు నెలల్లో స్క్రబ్ టైఫస్ అన్న పేరు పల్నాడు వాళ్ల నోట నానింది. ముప్పాళ్ల, రాజుపాలెం మండలాల్లో చావుల వార్తలు వచ్చాక గాని ఆ పేరు చాలామందికి తెలియలేదు. ఎలుకల మీద, పొదల్లో బతికే నలుసంత పురుగు కుడితే వచ్చే జబ్బు అది. తొందరగా గుర్తిస్తే డాక్సీసైక్లిన్ అనే చౌక మాత్రతో తగ్గుతుంది. చాలామందికి ఒంటి మీద ఎక్కడో కాలినట్టు నల్లటి మచ్చ ఉంటుంది, బట్ట తొలగించి చూస్తే కనబడుతుంది. చూడరు. ఓపీ చీటీ మీద జ్వరం అని రాసి, పారాసిటమాల్ అని రాసి, తర్వాతి మనిషిని పిలుస్తారు. ఆ చీటీ మీద ఇంకొక్క ప్రశ్న రాయించడానికి ఎన్ని వేల కోట్లు కావాలి? “ఇంట్లో గొడ్డూ గోదా, కోళ్లూ ఉన్నాయా? ఈ మధ్య ఏవైనా చచ్చాయా, ఈసుకుపోయాయా? చేలోకి, అడవిలోకి వెళ్లారా?” ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి జ్వరాల సర్వే చేస్తూనే ఉన్నారు. గుమ్మంలో కోళ్ల గంప వాళ్లకు కనబడుతూనే ఉంటుంది. దాని గురించి అడగమని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మనిషి జబ్బునూ జంతువు జబ్బునూ కలిపి వెతకడం అయ్యే పని కాదనేవాళ్లకు ఒక మాట. కర్ణాటకలో శివమొగ్గ వైపు క్యాసనూరు అడవిలో 1957లో కోతులు వరసగా చచ్చాయి, వెనకే మనుషులకు జ్వరాలొచ్చాయి. అప్పటి నుంచి ఆ మలెనాడు ప్రాంతంలో కోతి చచ్చి కనబడితే జనం కబురు చేస్తారు, ఆరోగ్య శాఖవాళ్లు వచ్చి నమూనా తీస్తారు, చుట్టూ మందు చల్లుతారు, అడవికి వెళ్లేవాళ్లకు గోమార్లు పట్టకుండా ఒంటికి రాసుకునే నూనె పంచుతారు. అక్కడ జబ్బు పోలేదు, ఇప్పటికీ ప్రాణాలు పోతున్నాయి. కానీ చచ్చిన కోతి ఒక హెచ్చరిక అని మారుమూల ఊరికి కూడా తెలుసు. థాయిలాండ్‌లో 2004లో బర్డ్ ఫ్లూ మనుషుల్ని చంపడం మొదలుపెట్టినప్పుడు, లక్షల మంది గ్రామ ఆరోగ్య కార్యకర్తల్ని ఇంటింటికీ పంపి, జ్వరమున్న మనిషినీ చచ్చిన కోడినీ ఒకే విడతలో వెతికించారు. అక్కడ మొత్తం 25 మందికి సోకి 17 మంది చనిపోయారు. 2006 తర్వాత మనిషికి సోకడం ఆగిపోయింది. మన ఆశాలు, ఏఎన్‌ఎంలు, గ్రామ పశుసంవర్ధక సహాయకులు, పశుసఖులు వాళ్లకంటే ఏం తక్కువ? మనుషులు ఉన్నారు. 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువుల అంబులెన్సు ఉంది. వీళ్లను ఒక తాటి మీద నడిపే సంకల్పం పైన లేదు.

బిడ్డ పోయాక కేంద్రం నుంచి నిపుణుల బృందం వచ్చింది. చుట్టుపక్కల ఇళ్లలో జ్వరాలు వెతికారు. ఇంకెవరికీ సోకలేదన్నారు, ఊరు ఊపిరి పీల్చుకుంది, బండ్లు వెనక్కి వెళ్లిపోయాయి. ఆ తర్వాత ఆదివారం నుంచి కొట్లు యథాప్రకారం నడిచాయి. డ్రమ్ములు అవే, బకెట్లు అవే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. ఒక ప్రాణం పోయి ఇంత పెద్ద సంగతి చెబితే, దాన్ని విని మార్చుకున్నది ఒక్కటైనా ఉండొద్దా?

చచ్చిన కోడికి కూడా పరిహారం ఇవ్వండి. కబురు చేసిన రోజు నుంచి లెక్కగట్టి, నెల తిరక్కుండా ఖాతాలో వేయండి, అప్పుడు రైతే మీ గుమ్మం ముందుకు వచ్చి చెబుతాడు. కొట్లలో కోళ్ల నుంచి, డ్రమ్ముల నుంచి, మొద్దుల నుంచి నెలనెలా నమూనాలు తీయండి. కోసే కుర్రాళ్లకు తొడుగులు, సబ్బు, పారే నీళ్లు ఇవ్వండి, జ్వరమొస్తే పరీక్ష ఉచితంగా చేయండి. కాపరులకు మందల దగ్గరే రక్తపరీక్ష పెట్టండి, ఈసుకుపోయే మందల్లో గొర్రెలకూ పెట్టండి. పశువుల ఆసుపత్రికీ పీహెచ్‌సీకీ కలిపి మండలానికి ఒక రిజిస్టరు ఉండాలి, ఇద్దరు డాక్టర్లూ అందులో సంతకం పెట్టాలి. ఇందులో దేనికీ పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. పరిహారం మాట ఢిల్లీ తేల్చాలి, మిగతావన్నీ నరసరావుపేట కలెక్టరేటులో ఒక మధ్యాహ్నం కూర్చుంటే తేలిపోతాయి.

వలస పక్షులు దిగేది చలికాలంలోనే. పందెం కోళ్లు సంక్రాంతికి జిల్లాలు దాటేదీ అప్పుడే. ఆ లోపే, నవంబరులోనే, నరసరావుపేట, మాచర్ల, గురజాల, పిడుగురాళ్ల కొట్లలో తొలి నమూనాలు తీయాలి. ఫలితం ఏదైనా సరే మున్సిపల్ ఆఫీసు బోర్డు మీద అందరికీ కనబడేలా అంటించాలి. ఆ పని ఏ తేదీన మొదలుపెడతారో, ఎవరి బాధ్యతో కలెక్టరు గారు రాతపూర్వకంగా చెప్పాలి.